హనోయ్ ఒప్పందంపై సంతకం పెట్టేముందు దేవరకొండకు రండి

భారత విదేశాంగ శాఖ సైబర్ దౌత్య విభాగం అధికారులకు, అదే శాఖలో విదేశాలకు వెళ్లే కార్మికుల వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారం.

నల్లగొండ జిల్లా దేవరకొండలో నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, పాస్‌పోర్టు, పాన్ కార్డు, భూమి రికార్డు, పింఛన్, పిల్లల పరీక్ష ఫలితాలు... చందంపేట, నేరేడుగొమ్ము, డిండి వైపు తండాల నుంచి వచ్చేవాళ్లకు ప్రభుత్వమంటే చాలావరకు మా కౌంటరే. ఇలాంటివాడికి విదేశాంగ విధానంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఆ విధానం ఇప్పుడు మా కౌంటర్ దాకా వస్తోంది. అందుకే ఈ లేఖ.

అడిగేది ఒక్కటే. ఐక్యరాజ్యసమితి సైబర్ నేరాల ఒప్పందంపై భారతదేశం సంతకం పెట్టాలా వద్దా, పెడితే ఏ షరతులతో పెట్టాలి అన్నది తేల్చే ముందు మా జిల్లాలకు రండి. అందరి ముందు, తెలుగులో ప్రజాభిప్రాయ సేకరణ జరపండి.

ఈ లేఖ చదివే మా ప్రాంతం వాళ్ల కోసం ఆ ఒప్పందం గురించి నాలుగు మాటలు. 2019 డిసెంబర్‌లో రష్యా తెచ్చిన తీర్మానంతో ఐరాసలో ఈ పని మొదలైంది. న్యూయార్క్‌లో, వియన్నాలో దేశాల ప్రతినిధులు విడతలు విడతలుగా కూర్చుని 2024 ఆగస్టులో ఒప్పందం పాఠాన్ని ఖరారు చేశారు. డిసెంబర్ 24న సాధారణ సభ దాన్ని ఆమోదించింది. 2025 అక్టోబర్ 25న వియత్నాం రాజధాని హనోయ్‌లో సంతకాలకు పెట్టారు, అందుకే దాన్ని హనోయ్ ఒప్పందం అంటున్నారు. 70కి పైగా దేశాలు అక్కడే సంతకాలు చేశాయి. వాటిలో మన దేశం లేదు. సంతకానికి గడువు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. 40 దేశాలు ధ్రువీకరించాక, అంటే సంతకం తర్వాత కట్టుబడతామని ఖాయం చేశాక, 90 రోజులకు అది అమల్లోకి వస్తుంది.

సైబర్ నేరాలపైనే వచ్చిన 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో కూడా మనం చేరలేదు. మన మాట లేకుండా వేరేవాళ్లు రాసుకున్నదానికి మనం ఎందుకు కట్టుబడాలన్నది అప్పటినుంచీ మీ శాఖ వాదన. ఆ వాదన నాకు న్యాయంగానే తోస్తుంది. అదే న్యాయం దేశం లోపల కూడా నడవాలి. మా మాట లేకుండా ఢిల్లీలో తేలిన వైఖరికి రేపు మా పిల్లలు కట్టుబడాలి, మా ఖాతాలు కట్టుబడాలి, మా ఫోన్లలోని సమాచారం కట్టుబడాలి. మరి మమ్మల్ని ఎవరు అడిగారు?

మా కౌంటర్ దగ్గర ఏం జరుగుతోందో చెబుతాను.

ఒక తండా నుంచి ఒక తల్లి వచ్చింది. ప్లాస్టిక్ కవర్‌లో కొడుకు డిగ్రీ మెమో, పాస్‌పోర్టు జిరాక్స్ తెచ్చింది. ఆ పాస్‌పోర్టు దరఖాస్తు నింపింది నేనే. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం, తిండీ గదీ కంపెనీదే అని ఏజెంటు చెప్పాడట. బ్యాంకాక్‌లో దిగిన రోజు పిల్లవాడు ఫొటో పంపాడు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. చాలా రోజులకు ఒక రాత్రి వాట్సాప్‌లో లొకేషన్ ఒక్కటి వచ్చింది, మాట లేదు, మెసేజ్ లేదు. "అన్నా, ఇది ఏ ఊరో జెర చూసి చెప్పు" అని ఫోన్ నా ముందు పెట్టింది. తెరిస్తే మోయీ నది. ఇవతలి ఒడ్డున థాయ్‌లాండ్‌లోని మే సోట్, అవతల మయన్మార్‌లోని మ్యావడీ. గుర్తు అవతలి ఒడ్డున ఉంది. కొడుకు పోతానన్న దేశంలో లేడని, ఉన్నచోట ఆ దేశ ప్రభుత్వం మాటే సరిగా చెల్లదని, సాయుధ ముఠాల రాజ్యమని ఆమెకు ఎలా చెప్పాలో తోచలేదు. మ్యాప్‌ను పెద్దది చేస్తూ, చిన్నది చేస్తూ కూర్చున్నాను. ఆమె నా ముఖమే చూస్తోంది.

ఆ పిల్లవాడు ప్రాణాలతో తిరిగొచ్చాడు. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు సెంటర్ మూసే వేళకు వచ్చి, తనంతట తానే చెప్పాడు. అక్కడ అతనికి ఇచ్చిన పని తెలుగువాళ్లకు ఫోన్ చేయడం. ఏం మాట్లాడాలో రాసిన స్క్రిప్టు చేతికి ఇచ్చారు. మొదట కొరియర్ వాళ్ల గొంతుతో మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనాలి. అవతలి మనిషి బెదరగానే లైన్ పక్క గదికి కలపాలి. ఆ గదిలో ఖాకీ చొక్కా వేసుకుని, వెనక జెండా పెట్టుకుని ఒకడు వీడియో కాల్‌కు సిద్ధంగా ఉంటాడు. రోజుకింత రాబట్టకపోతే తిండి ఆపేవారు, కొట్టేవారు, కరెంటు షాకులు పెట్టేవారు. "అవతల మాట్లాడేది మన ముసలోళ్లే అని గొంతు వింటే తెల్సేది అన్నా" అన్నాడు. ఆ మాట దగ్గర ఆగిపోయాడు.

ఇలాంటి కేంద్రాల్లో బలవంతంగా పనిచేస్తున్నవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా కట్టింది. మీకు ఈ అంకెలు కొత్త కాదు. మాకు అవి అంకెలుగా రావు, ఒక్కొక్క తల్లిగా వస్తాయి.

ఇక ఫోన్‌కు అవతలి వైపు. పదవీ విరమణ చేసిన ఒక టీచర్ గారు మా సెంటర్‌కు వచ్చారు. నేను చిన్నప్పుడు ఆయన్ను ఎరుగుదును, ఊళ్లో ఎవరికి అర్జీ రాయాలన్నా ఆయనే రాసిపెట్టేవారు. ఆయన్ను సొంత ఇంట్లో, సొంత పడకగదిలో వీడియో కాల్ ముందు కూర్చోబెట్టి డిజిటల్ అరెస్ట్ చేశామన్నారు. తలుపు గడియ పెట్టుకోమన్నారు. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా కెమెరాకు చెప్పి వెళ్లాలి. "ఇంట్లో చెబితే కోడలి పేరు కూడా కేసులో పెడతామన్నారు నాయనా" అన్నారు. భార్య ఆపరేషన్ కోసం దాచిన డబ్బు పోయింది. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబర్‌లో రేడియోలో చెప్పారు. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. మేం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. దారిలో ఉన్న కాస్త డబ్బు ఆగింది. మిగతాది గంటల్లోనే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారి, క్రిప్టోగా మారి, దేశం దాటిపోయింది. అక్కడినుంచి మన పోలీసుల చేతులు కట్టేసినట్టే. ఇక పని మీది.

ఆ ఖాతాలు ఎవరివి? మా పిల్లలవే. కొన్ని వేల రూపాయల కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ముతో సహా ఎవరికో ఇచ్చిన కుర్రాళ్లు. ఖాతా ఫ్రీజ్ అయ్యాక పరుగెత్తుకొస్తారు. ఒకతని ఖాతాలోనే వాళ్ల అమ్మ ఉపాధి కూలీ డబ్బులు పడేవి. అవీ ఆగిపోయాయి. ఆమె చేసిన నేరమేమీ లేదు.

కేసు కాగితాల్లో ఒకరు నిందితుడు, ఒకరు ఫిర్యాదుదారు, ఒకరు ఖాతాదారు. మాకు మాత్రం ముగ్గురూ మా వాళ్లే. మీరు ఏ ఒప్పందం రాసినా ఈ ముగ్గురి మీదా ఒకేసారి పడుతుంది. ఈ సంగతి ఢిల్లీలో కూర్చుంటే అంత స్పష్టంగా కనిపించదేమో. ఇక్కడ కనిపిస్తుంది.

మా ప్రాంతానికి వలస కొత్త కాదు. పాలమూరు లేబర్ చెయ్యి పడని ప్రాజెక్టు దేశంలో తక్కువ. కరువు వచ్చినప్పుడు గుంపు మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, అది తీరేదాకా కుటుంబమంతా అతను చెప్పినచోట మట్టి మోసేది. అలాంటివాళ్ల కోసమే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ, వెట్టినీ ఒకే చోట నిషేధించింది. వెట్టి అంటే ఏమిటో నల్లగొండ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు, దాన్ని ఎదిరించి ప్రాణాలిచ్చిన ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. మ్యావడీలో మా పిల్లల చేత చేయించింది కూడా వెట్టే. గుంపు మేస్త్రీకి ఊళ్లో ఇల్లుండేది, తేడా వస్తే నలుగురూ పోయి నిలదీసేవారు. ఇప్పటి ఏజెంటుకు టెలిగ్రామ్‌లో ఒక పేరు తప్ప ఏమీ లేదు. పైగా అడ్వాన్సు ఇవ్వడం పోయి మన దగ్గరే అప్పు చేయించి తీసుకుంటున్నాడు.

ఇక్కడ మీ చట్టంలో ఉన్న ఖాళీని కూడా చెప్పాలి. 1983 వలస చట్టం చదువు తక్కువ ఉన్న కూలీని దృష్టిలో పెట్టుకుని రాసింది. పదో తరగతి పాస్ కానివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో థాయ్‌లాండ్ ఉంది. మయన్మార్, కంబోడియా, లావోస్ లేవు. మా పిల్లలు డిగ్రీ చదివారు, పాస్‌పోర్టుపై అనుమతి కావాలన్న ముద్ర ఉండదు. 2024 జూలై నుంచి థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండానే 60 రోజులు ఉండనిచ్చింది. టూరిస్టుగా విమానం ఎక్కిన డిగ్రీ కుర్రాడు ఆ అనుమతులు చూసే ఈ-మైగ్రేట్ పోర్టల్ కంటికి కనిపించడు. చదువుకున్నాడు కాబట్టి రక్షణ అక్కర్లేదని చట్టం అనుకుంది. ఇంగ్లిష్ చదవగలడు, కంప్యూటర్ టైప్ కొట్టగలడు కాబట్టే ముఠాకు అతను కావాలి.

ఈ పాత చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను 2025 అక్టోబర్‌లో మీరు అభిప్రాయాల కోసం బయటపెట్టారు. మంచి పని. గడువు కొద్ది వారాలే. ఆ వారాల్లో మా తండాల్లో దాని పేరు విన్నవాళ్లు నాకు కనిపించలేదు. ఐటీ ఉద్యోగాల పేరిట థాయ్‌లాండ్‌కు పిలిచి మోసం చేస్తున్నారని 2022 సెప్టెంబర్‌లోనే మీ శాఖ హెచ్చరిక జారీ చేసింది. హెచ్చరిక సరైనదే. మా దగ్గరికి చేరలేదు. ఏజెంటు ప్రకటన మాత్రం చక్కటి తెలుగులో, నేరుగా ఫోన్‌లోకి వచ్చింది.

మీ శాఖ మారదని నేను అనడం లేదు. మారిందని మాకు బాగా తెలుసు. మన తెలంగాణ చిన్నమ్మ అని పిలుచుకున్న సుష్మా స్వరాజ్ గారు విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు గల్ఫ్‌లో చిక్కుకున్నవాడు ట్విట్టర్‌లో ఒక్క మాట రాస్తే ఆమె స్వయంగా జవాబిచ్చేవారు, రాయబార కార్యాలయం కదిలేది. అంతకుముందు దౌత్యమంటే సీలు వేసిన కవర్లు, మూసిన గదులు. ఆమె దాన్ని సామాన్యుడి ఫోన్‌లోకి తెచ్చారు. 2015లో విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల ఫిర్యాదుల కోసం మదద్ పోర్టల్ వచ్చింది. 2017లో డెన్మార్క్ ఏకంగా టెక్నాలజీ కంపెనీలతో మాట్లాడటానికే ఒక రాయబారిని నియమించి సిలికాన్ వ్యాలీకి పంపింది. 2020లో మీరు కొత్త సాంకేతికతల కోసం ఒక విభాగం పెట్టుకున్నారు. 2025 మార్చిలో మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మందిని వెనక్కి తెచ్చారు, వాళ్లలో మన తెలంగాణ పిల్లలూ ఉన్నారు. ఆ విమానాలు పంపినందుకు మా తండాల తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను. ఇది మనస్ఫూర్తిగా రాస్తున్న మాట.

అయితే ఆ పిల్లలను తెచ్చిన దౌత్యం, ఆ పిల్లలు నేరస్తులా బాధితులా అన్నది తేల్చే దౌత్యం ఒకటి కాదు. రెండోది ఒప్పందాల పాఠంలో జరుగుతుంది. అక్కడ మేం లేము.

ఇంటర్నెట్ పాలనపై ప్రపంచ చర్చ మా గడప దాకా వచ్చి వెనక్కి పోయిన సందర్భాలు రెండున్నాయి. 2008 డిసెంబర్ 3 నుంచి 6 దాకా ఐరాస ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం మూడో సమావేశం హైదరాబాద్‌లో జరిగింది. 'అందరికీ ఇంటర్నెట్' అన్నది దాని ప్రధానాంశం. 2016 నవంబర్‌లో ఇంటర్నెట్‌లో పేర్లూ చిరునామాల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ సమావేశం కూడా హైదరాబాద్‌లోనే జరిగింది, అమెరికా ప్రభుత్వం ఆ వ్యవస్థపై తన పర్యవేక్షణ వదులుకున్న నెల రోజులకే. అవి చిన్న సంగతులు కావు. హైదరాబాద్‌కు దేవరకొండ సుమారు వంద కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ కూడా అంతే. ఆ దూరం మాత్రం ఎవరూ దాటలేదు. మన దేశపు ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం 2021లో మొదలైంది. ఐరాస ఫోరాన్ని 2025 డిసెంబర్‌లో సాధారణ సభ శాశ్వత వేదికగా చేసింది. ప్రభుత్వాలు, కంపెనీలు, నిపుణులు, పౌర సమాజం అందరూ సమానంగా కూర్చోవాలన్నది ఈ ఫోరాల మూలసూత్రం. అందరూ అన్నప్పుడు ఆ తండా తల్లి కూడా అందులో ఉండాలి. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఉంటే చాలదు. ఆమే మాట్లాడాలి. మాట్లాడగలదు కూడా, నేను విన్నాను.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏమిటో మా దగ్గర ఎవరికీ నేర్పక్కర్లేదు. 2003లో నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనులపై అది జరిగింది. గనులు వద్దని జనం మైకు ముందుకొచ్చి చెప్పారు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట మళ్లీ లేచినప్పుడు అమ్రాబాద్ నుంచి అచ్చంపేట దాకా కదిలారు, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నేల తవ్వే ముందు ఆ నేల మీద ఉన్నవాళ్లను అడగాలని పర్యావరణ నిబంధన ఉంది. అంతర్జాతీయ ఒప్పందంపై సంతకానికి అలాంటి నిబంధన ఏదీ లేదు. ఒప్పందం చేసుకునే అధికారం కార్యనిర్వాహక శాఖది, సంతకానికి పార్లమెంటు ఆమోదం కూడా తప్పనిసరి కాదు. దాన్ని అమలు చేసే చట్టం కావలసి వస్తే 253వ అధికరణం కింద పార్లమెంటు చేస్తుంది. అప్పటికి మాట ఇచ్చేసి ఉంటాం.

కొత్త చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లోనే కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. ఆ స్ఫూర్తిని ఒప్పందాలకూ విస్తరించమని అడుగుతున్నాను. వెబ్‌సైట్‌లో పెట్టి చేతులు దులుపుకోవడం మాకు సరిపోదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ కంపెనీ అయినా మన సమ్మతి అడిగేటప్పుడు ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలివ్వాలి, అందులో తెలుగు ఉంది. అదే చట్టం నియమాల ముసాయిదాను 2025 జనవరిలో ఇంగ్లిష్, హిందీల్లో విడుదల చేశారు. ఒక యాప్ మా సమ్మతిని తెలుగులో అడగాలన్నప్పుడు దేశం మా సమ్మతిని ఏ భాషలో అడగాలి?

నా సొంత అభిప్రాయం దాచుకోను. మనం ఈ ఒప్పందంలో చేరాలి. డబ్బు గంటల్లో సరిహద్దు దాటుతుంటే, సాక్ష్యం కోసం పరస్పర న్యాయ సహాయం పేరుతో నెలల తరబడి కాగితాలు తిరుగుతున్నాయి. ఈ ఒప్పందంలో దేశాల మధ్య 24 గంటలూ పనిచేసే సంప్రదింపు వ్యవస్థ ఉంది. నేరపు సొమ్మును జప్తు చేసి తిరిగి ఇచ్చే నిబంధనలు ఉన్నాయి. బాధితులకు సాయం గురించి నిబంధన ఉంది. టీచర్ గారి డబ్బు మన సరిహద్దు లోపల ఉన్నంతవరకే 1930 పనిచేస్తుంది, మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా కొందరికి డబ్బు తిరిగి వస్తోంది కూడా. సరిహద్దు దాటాక కావలసింది ఇలాంటి ఒప్పందమే.

కానీ గుడ్డిగా కాదు. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ తండా కుర్రాడి సంగతి. మనుషుల అక్రమ రవాణాకు గురైనవాళ్లను, ఆ చెరలో వాళ్ల చేత చేయించిన పనులకు అరెస్టు చేయకూడదు, కేసు పెట్టకూడదు అని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2002 సూత్రాల్లోనే రాసింది. అక్రమ రవాణాపై ఐరాస ప్రోటోకాల్‌ను మన దేశం 2011లో ధ్రువీకరించింది. రేపు దేశాల మధ్య సాక్ష్యాల మార్పిడి వేగం పెరిగితే, ఆ గదిలో ఏ కంప్యూటర్ నుంచి ఎవరు ఫోన్ చేశారన్నది కూడా అంతే వేగంగా వస్తుంది. ఆ జాబితాలో అతని పేరుంటుంది. అతన్ని అక్కడికి అమ్మినవాడి పేరుండదు, వాడు ఏ కంప్యూటర్ ముందూ కూర్చోలేదు కాబట్టి. కనుక సంతకంతో పాటే భారత్ ఒక ప్రకటన చేయాలి: బలవంతంగా నేరం చేయించబడిన మనిషిని మేం బాధితుడిగానే చూస్తాం, మిగతా దేశాలూ అలాగే చూడాలి. ఇష్టపడి వెళ్లినవాడు, మోసపోయి వెళ్లినవాడు వేరు కదా అని మీరు అడుగుతారు. నిజమే, వేరు. ఎలా వేరు చేయాలో తేల్చడానికి తిరిగొచ్చిన పిల్లల నోటితో వినాలి. అందుకే రమ్మంటున్నాను.

రెండో భయం సమాచారం గురించి. ఈ ఒప్పందం కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చిపుచ్చుకోవడం సైబర్ నేరాలకే పరిమితం కాదు, నాలుగేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే ఏ తీవ్ర నేరానికైనా వర్తిస్తుంది. రక్షణలను ఎక్కువగా ఆయా దేశాల చట్టాలకు వదిలేశారని ప్రపంచవ్యాప్తంగా హక్కుల సంఘాలు, టెక్నాలజీ కంపెనీలు కూడా అభ్యంతరం చెప్పాయి. అంటే మన రక్షణ మన చట్టం ఎంత గట్టిదైతే అంతే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ మాత్రం ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. వేరే దేశపు పోలీసు అడిగితే ఇక్కడి రైతు ఫోన్ వివరాలు ఇవ్వాలా వద్దా అన్నది ఒక న్యాయమూర్తి చూసి తేల్చాలి. ఆ షరతు మన చట్టంలోకి వచ్చాకే ధ్రువీకరణ జరగాలి.

వీటిలో నేను పొరబడుతున్న చోట్లు మీకు కనిపించవచ్చు. అప్పుడు వచ్చి, అందరి ముందు చెప్పండి. మాకూ తెలుస్తుంది.

ఎలా జరపాలో కూడా కొంత చెబుతాను, ఎందుకంటే ఇలాంటివి తూతూమంత్రంగా జరిగితే జరగకపోవడమే నయం. దేవరకొండలో ఒకటి, అచ్చంపేటలో ఒకటి, నారాయణపేట వైపు ఒకటి పెట్టండి. జిల్లా కేంద్రంలో కలెక్టరేట్ హాల్లో పెడితే తండాల వాళ్లు రారు, బస్సు దిగి గేటు దగ్గరే ఆగిపోతారు. పత్తి ఏరే రోజుల్లో వద్దు, ఆ రోజుల్లో ఇంటికి ఒక్కరు కూడా ఖాళీగా ఉండరు. దసరాకు ముందే అయితే మేలు. ఒప్పందంలోని ముఖ్యమైన నిబంధనల సారాంశం పది పేజీలకు మించకుండా తెలుగులో ముందే పంపండి, మా లాంటి సెంటర్లన్నీ ప్రింటు తీసి ఇస్తాయి. లంబాడీలో మాట్లాడేవాళ్ల మాటను తెలుగులోకి చెప్పే మనిషి ఉండాలి. తిరిగొచ్చిన పిల్లలు మైకు ముందుకు రారు, వాళ్ల కోసం వేరే గది, పేరు బయటికి రాదని రాతపూర్వకంగా హామీ కావాలి. ఆ గదిలో వాళ్లు చెప్పింది వాళ్ల మీదే సాక్ష్యంగా వాడకూడదు. ఇది లేకపోతే ఒక్కడు కూడా నోరు విప్పడు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు, బ్యాంకుల వాళ్లు, టెలికం కంపెనీల వాళ్లు కూర్చుని జవాబు చెప్పాలి. చివరికి ఎవరేమన్నారో, దానికి మీ శాఖ ఏమంటుందో తెలుగులో అచ్చువేసి గ్రామ పంచాయతీలకు పంపాలి.

ఒప్పందం ఎటు తేలినా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. యాంగోన్, బ్యాంకాక్, నోమ్‌పెన్, వియంతియాన్ రాయబార కార్యాలయాల్లో రాత్రివేళ ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడే ఒక్క మనిషిని పెట్టండి. చెరలో ఉన్నవాడికి ఫోన్ దొరికేది నిమిషమో రెండు నిమిషాలో, ఆ నిమిషంలో ఇంగ్లిష్ వెతుక్కోలేడు. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా జిల్లాలవారీగా తెలుగులో ఇవ్వండి. పాస్‌పోర్టు దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మేం అది చూపిస్తాం. వాడు ఊరు దాటేముందు ఆఖరుసారి ఆగేది మా కౌంటర్ దగ్గరే.

సభకు హాలు, కుర్చీలు, మైకు మేం చూసుకుంటాం. మీరు తేదీ చెప్పండి, వచ్చే అధికారి ఎవరో చెప్పండి. నెల రోజుల ముందు తెలిస్తే తండా తండాకు కబురు పంపుతాం.

ఇట్లు,
దేవరకొండలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న ఒక పౌరుడు
నల్లగొండ జిల్లా, తెలంగాణ